అండమాన్ దివ్యాంగ విద్యార్థులకు ఏ చదువు, ఏ కొలువు?

చెన్నై నుంచి అండమాన్, నికోబార్ దీవులకు సముద్రగర్భం మీదుగా వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10వ తేదీన ప్రారంభమైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవు గల ఈ కేబుల్‌కు సుమారు 1,224 కోట్ల రూపాయలు ఖర్చయింది. బి.ఎస్.ఎన్.ఎల్. ఈ పనిని నిర్వహించింది. అంతవరకు దీవులకు బయటి ప్రపంచంతో ఉన్న సంబంధమంతా ఉపగ్రహం ద్వారా అందే కొద్దిపాటి సామర్థ్యం మీదనే ఆధారపడి ఉండేది. ఇప్పుడు చెన్నైకీ దీవుల రాజధానికీ మధ్య సెకనుకు 400 గిగాబిట్ల సమాచారం ప్రవహించగల మార్గం ఏర్పడింది. అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లకు శాఖలు వెళ్లాయి.

ఈ కేబుల్ వల్ల పర్యాటకం పెరుగుతుందని, బ్యాంకులు చురుకుగా పనిచేస్తాయని, వైద్య సలహాలు దూరం నుంచే అందుతాయని ఆనాడు చెప్పుకున్నారు. అవన్నీ సబబైన ఆశలే. అయితే ఈ చర్చలో అంతగా ప్రస్తావనకు రాని వర్గం ఒకటి ఉంది. చూపు, వినికిడి, కదలిక, మేధ వీటిలో ఏదో ఒక లోపంతో బడికి వచ్చే పిల్లల వర్గం అది. ఆలోచించి చూస్తే దూరం తగ్గడం వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడవలసింది వారే. కాళ్లు నడవనివాడికి ప్రయాణం కష్టం. కళ్లు కనిపించనివాడికి ఊరు మారడం కష్టం. పనే మనిషి వద్దకు వచ్చే కాలంలో ఆ కష్టాలు సగం తీరాలి. అలా తీరాలంటే వచ్చే పనిని అందుకొనే చదువు పిల్లల చేతిలో ఉండాలి. సముద్రం కింద కేబుల్ వేసినంత శ్రద్ధ ఆ చదువుపై పెట్టడం ఇప్పటి అవసరం.

శ్రీవిజయపురంగా 2024 సెప్టెంబరులో పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్, చెన్నైకీ విశాఖపట్నానికీ కూడా రమారమి 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ రాజధాని నుంచి గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బేకు సముద్రమార్గాన మరో 500 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. చిన్నా పెద్దా కలిపి 836 దీవులు, దిబ్బలు ఉన్నట్లు అధికారిక లెక్క. వాటిలో జనం నివసించేవి ముప్పై పైచిలుకు మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం మొత్తం జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా, అంటే 50 వేలమంది ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగో స్థానం తెలుగుదే. వారిలో అధిక సంఖ్యాకులు శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం నుంచి చేపల వేటకు, కూలిపనులకు వలస వెళ్లినవారి సంతతి. తెలుగు మాధ్యమంలో బోధించే ప్రభుత్వ పాఠశాలలు అక్కడ ఉన్నాయి. కనుక ఇది తెలుగువారికి సంబంధం లేని దూరదేశపు వ్యవహారం కాదు.

అదే 2011 లెక్కల్లో దీవులలోని వికలాంగుల సంఖ్య సుమారు 6,600గా తేలింది. దేశం మొత్తంమీద వారి సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. సంఖ్య చిన్నది కావడం సదుపాయమా, శాపమా అన్నది పరిపాలకుల దృష్టిని బట్టి ఉంటుంది. పిల్లలు కొద్దిమంది కనుక ప్రతి ఒక్కరినీ పేరుతో గుర్తుపట్టి, వారి చదువుకు ప్రణాళిక వేయవచ్చు. కొద్దిమందే కదా అని పక్కన పెట్టనూవచ్చు. పెద్ద రాష్ట్రాలలో ఒక జిల్లాకు ఒక ప్రత్యేక పాఠశాల పెట్టి పిల్లలను అక్కడికి రప్పించే పద్ధతి ఉంది. పది దీవుల నుంచి పది మంది పిల్లలను పడవలెక్కించి ఒకచోటికి చేర్చడం అంత సులభం కాదు. తల్లిదండ్రులు ఒప్పుకోరు, ఒప్పుకోవలసిన అవసరమూ లేదు. ఈ పిల్లలు తమ దీవిలోని సాధారణ పాఠశాలలోనే చదవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కోరుతున్న సమ్మిళిత విద్య కూడా అదే.

కొవ్వొత్తుల నుంచి కంప్యూటరు దాకా

ఈ దేశంలో వికలాంగులకు వృత్తి శిక్షణ కొత్త కాదు. దాని చరిత్రను ఒకసారి తిరగేస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. అంధులకు కుర్చీల బేతు అల్లిక నేర్పారు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చి ఆ పనిని మింగేశాయి. సుద్దముక్కలు, కొవ్వొత్తులు, అగరువత్తులు, కాగితపు సంచులు తయారుచేయడం నేర్పారు. వాటిని కొనేవారు ఎక్కువగా దయతో కొన్నారే తప్ప అవసరంతో కాదు. చదువుకున్న అంధులకు టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగం మంచిదన్నారు. ఎక్స్‌ఛేంజీలు యాంత్రికమై ఆ ఆపరేటర్ల అవసరం తగ్గిపోయింది. ఆ తరువాత ఎస్.టి.డి. బూతుల కాలం వచ్చింది. 1990లలో వాటి కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యమిచ్చారు. బస్టాండు పక్కన, ఆసుపత్రి ముందు పసుపురంగు బోర్డు కింద మూడు చక్రాల బండిలో కూర్చుని బిల్లు చింపి ఇచ్చే యువకుడు ఆనాటి ప్రతి పట్టణంలోనూ కనిపించేవాడు. వేలాది కుటుంబాలు ఆ బూతుల మీద నిలబడ్డాయన్నది కాదనలేని సత్యం. 2000 తరువాత సెల్‌ఫోను ఛార్జీలు పడిపోయాయి. బూతులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. బోర్డు పోయింది, యువకుడు మిగిలాడు.

ఈ వరుసలో ప్రతిసారీ జరిగింది ఒక్కటే. ఒక వైకల్యానికి ఒక వృత్తిని జతచేసి, ఆ వృత్తి ఎల్లకాలం ఉంటుందనుకున్నారు. అంధుడికి ఇది, బధిరుడికి అది అని ఖాయం చేశారు. సాంకేతిక విజ్ఞానం ఒక్క అడుగు ముందుకు వేయగానే ఆ వృత్తి కాస్తా కూలిపోయింది. సామాన్య విద్యార్థి ఒక పని పోతే మరొక పనికి మళ్లగలిగాడు. అతనికి చదువు ఉంది. ప్రత్యేక విద్యార్థికి నేర్పింది చేతిపని ఒక్కటే కావడంతో మళ్లడానికి మరో దారి లేకపోయింది. ఈ మధ్యలో పేర్లు మాత్రం మారాయి. వికలాంగులు అన్న మాట పోయి దివ్యాంగులు అన్న మాట వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విభిన్న ప్రతిభావంతులు అన్నది. పేరు గౌరవంగా ఉండడం మంచిదే గాని, కొవ్వొత్తుల అచ్చు అలాగే ఉండిపోతే ఆ గౌరవం ఎవరి కడుపు నింపుతుంది?

నేడు అదే పొరపాటు మరో రూపంలో జరిగే ప్రమాదం ఉంది. ఇప్పుడు కొవ్వొత్తుల స్థానంలో డేటా ఎంట్రీ వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి అంకెలు ఎక్కించడం, ధ్వని విని అక్షరాలుగా మార్చడం నేర్పితే ఆధునిక శిక్షణ ఇచ్చినట్లేనన్న భావన శిక్షణ సంస్థలలో బలంగా ఉంది. అయితే కృత్రిమ మేధ మొట్టమొదట కబళిస్తున్నది ఈ పనులనే. కాగితం మీది అంకెలను చదవడం, మాటను రాతగా మార్చడం యంత్రం అలవోకగా చేస్తోంది. ఆరు నెలల డేటా ఎంట్రీ శిక్షణ పొంది 2026లో బయటకు వచ్చే యువకుడి పరిస్థితి, 2000లో ఎస్.టి.డి. బూతు తెరిచినవాడి పరిస్థితికి భిన్నంగా ఉంటుందని హామీ ఇవ్వగలవారు లేరు.

కాబట్టి నేర్పవలసింది ఒక ఉద్యోగాన్ని కాదు. చదవడం, రాయడం, లెక్కించడం, ఇతరులతో వ్యవహరించడం అనే నాలుగింటినీ సాంకేతిక పరికరం సాయంతో తనంతట తాను చేసుకోగల శక్తిని నేర్పాలి. ఆ శక్తి ఉంటే ఏ పని వచ్చినా అందుకోవచ్చు. దానిని చదువు పూర్తయ్యాక ఆరు నెలల కోర్సులో నేర్పడం సాధ్యం కాదు. నాలుగో తరగతిలో, అయిదో తరగతిలో మొదలు కావాలి.

చూపులేని పిల్లల విషయంలో ఇది ఎంత నిజమో చూడవచ్చు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు సామాన్యుల స్తోమతకు అందని వస్తువు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ యువకులు ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రూపకల్పనకు నడుం కట్టారు. నేడు దానిని ఎవరైనా పైసా చెల్లించకుండా కంప్యూటరులో పెట్టుకోవచ్చు. అది తెలుగు అక్షరాలను కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఇలాంటి ఏర్పాటు ముందుగానే ఉంటుంది. 2016 ఆగస్టులో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం అంధులు చదువుకొనగల రూపంలో పుస్తకాలను అందిస్తోంది. అంటే పరికరం కరువు చాలావరకు తీరింది. ఆ పరికరాన్ని పిల్లవాడికి పట్టించి, తప్పు చేస్తే సరిదిద్ది, రోజూ వాడించే ఉపాధ్యాయుడి కరువు తీరవలసి ఉంది.

దీవుల పాఠశాలలు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి, అంటే సి.బి.ఎస్.ఇ. పరిధిలో ఉన్నాయి. ప్రత్యేకావసరాలు గల విద్యార్థులు పరీక్షను కంప్యూటరు మీద రాయవచ్చునని ఆ మండలి 2018లో అనుమతించింది. ఇది చాలా మంచి నిర్ణయం. జవాబులు చెబితే రాసిపెట్టే సహాయకుడి మీద ఆధారపడకుండా విద్యార్థి తన పరీక్షను తానే రాసుకోవచ్చు. ఉద్యోగంలో చేరిన తరువాత సహాయకుడు వెంట రాడు కదా. అయితే అయిదో తరగతి నుంచి కీబోర్డు అలవాటు లేని పిల్లవాడికి పదో తరగతి పరీక్షలో కంప్యూటరు ఇస్తే ఏం ప్రయోజనం? ఈత రానివాడిని ఒడ్డున నిలబెట్టి సముద్రమంతా నీదేనన్నట్లు ఉంటుంది.

మరొక రాయితీ గురించి మరింత జాగ్రత్త అవసరం. గణితం, సామాన్యశాస్త్రాలకు బదులు సంగీతం, చిత్రలేఖనం, గృహవిజ్ఞానం వంటి విషయాలను ఎంచుకొనే వెసులుబాటు ఈ పిల్లలకు ఉంది. కొందరికి అది నిజంగా అవసరం. అయితే బోధించడానికి ఉపాధ్యాయుడు లేక, బొమ్మలను స్పర్శతో తెలుసుకొనే సామగ్రి లేక, తేలికదారిగా ఈ వెసులుబాటును వాడితే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లే. పదో తరగతిలో గణితం వదిలినవాడికి సాంకేతిక విద్య తలుపులు దాదాపు అన్నీ మూసుకుపోతాయి. శ్రీవిజయపురంలో 1984లో పాలిటెక్నిక్‌గా మొదలై నేడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సాంకేతిక విద్యాసంస్థగా పిలవబడుతున్న కళాశాల ఉంది. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు కేటాయించాలి. గణితం చదవని పిల్లలకు ఆ 5 శాతం కాగితం మీది అంకెగానే మిగులుతుంది.

ఈ విషయంలో తెలుగునాట జరిగిన ఒక పోరాటం గుర్తుచేసుకోదగ్గది. మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తరువాత ఇంటర్మీడియట్‌లో సైన్సు చదువుతానంటే అంధులకు కుదరదన్నారు. ఆయన కోర్టుకు వెళ్లి ఆ హక్కు సాధించుకొని, పాఠాలను ధ్వని రూపంలో విని చదివి అగ్రశ్రేణి మార్కులు తెచ్చుకున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుంచి పట్టా పొంది వచ్చి, 2012లో హైదరాబాద్ కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. వికలాంగులకు ఉద్యోగాలివ్వడం ఆ సంస్థ విధానం. ఆయన జీవితంపై 2024లో హిందీ చలనచిత్రం కూడా వచ్చింది. ఇలాంటి కథలను చప్పట్లు కొట్టి మరచిపోవడం పరిపాటి అయింది. కథలోని అసలు విషయం వేరు. ఒక పిల్లవాడు సైన్సు చదవడానికి న్యాయస్థానం గడప తొక్కవలసి వచ్చింది. ప్రతి ఇంట్లోనూ అంత పట్టుదల గల పిల్లవాడు, అతనికి తోడుగా నిలిచే ఉపాధ్యాయుడు ఉంటారని ఆశించడం న్యాయం కాదు.

సైగలకు దారి దొరికింది

కేబుల్ వల్ల దీవులలో అందరికన్నా ఎక్కువ మార్పు రావలసింది బధిర విద్యార్థుల చదువులో. దీని కారణం సూక్ష్మమైనదైనా ముఖ్యమైనది. అంధుడికి చదువు ధ్వనిగా అందుతుంది. ధ్వనిని పంపడానికి పెద్ద మార్గం అక్కరలేదు. ఉపగ్రహపు సన్నని దారిలోనూ అది నడిచింది. బధిరుడి భాష చేతి కదలికలలో, ముఖ కవళికలలో ఉంటుంది. దానిని దూరానికి పంపాలంటే వీడియో తప్ప వేరే మార్గం లేదు. ఆ వీడియో ఆగి ఆగి వస్తే, మాటల మధ్య అక్షరాలు ఎగిరిపోయినట్లు అర్థమే మారిపోతుంది. అందుచేత 2020కి ముందు దీవులలోని బధిర బాలుడు ప్రధాన భూభాగంలోని సైగల భాషా నిపుణుడి వద్ద దూరం నుంచి పాఠం వినడమన్నది దాదాపు ఊహకు అందని విషయం. నేడు కేబుల్ చేరిన దీవులలో అది సాధ్యం.

ఆ పాఠాలకు తగిన వనరులు కూడా తయారవుతున్నాయి. 2015 సెప్టెంబరులో ఏర్పాటైన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేలకు పైగా పదాలతో వీడియో నిఘంటువు తయారుచేసింది. జాతీయ విద్యా పరిశోధన మండలి పాఠ్యపుస్తకాలను సైగల భాషలోకి మార్చేందుకు 2020 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. ఆ పాఠాలను ఏ దీవిలోనైనా చూడవచ్చు. అయితే వీడియో చూపించినంత మాత్రాన చదువు రాదు. సైగల భాష తెలిసిన పెద్దమనిషి ఒకరు పక్కన ఉండి పిల్లవాడితో సంభాషించాలి. తల్లిదండ్రులకు కూడా ఆ భాష నేర్పాలి. భాష లేకుండా పన్నెండేళ్లు బడిలో కూర్చున్న బధిర విద్యార్థికి ఏ కంప్యూటరు శిక్షణ ఇచ్చినా అది ఇసుకలో పోసిన నీరే. ఆ భాషతో పాటు రాత భాష కూడా వచ్చినవాడు, ఎవరి మాటా వినవలసిన అవసరం లేని ఎన్నో పనులు చేయగలడు. చిత్రాల రూపకల్పన, సాఫ్ట్‌వేర్ పరీక్ష, లెక్కల నిర్వహణ, పర్యాటక సంస్థల వెబ్‌సైట్ల నిర్వహణ ఆ కోవలోవే.

మేధోవైకల్యం గల పిల్లల విషయంలో మాత్రం అతిశయోక్తులకు పోకూడదు. సాంకేతిక విజ్ఞానం అందరికీ కొలువులిస్తుందని చెప్పడం వారి తల్లిదండ్రులను మోసగించడమే అవుతుంది. శాప్ అనే జర్మన్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఆటిజం గలవారిని తన బెంగళూరు కేంద్రంలో సాఫ్ట్‌వేర్ పరీక్షకులుగా నియమించి, 2013లో ఆ కార్యక్రమాన్ని ప్రపంచమంతటికీ విస్తరిస్తామని ప్రకటించింది. అది మెచ్చదగిన ప్రయత్నమే. కాని ఆటిజం గలవారిలో ఒక భాగానికే అది వర్తిస్తుంది. మిగిలిన పిల్లలకు సాంకేతిక ఆర్థిక వ్యవస్థ అంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు. వారుండే ఊరి దుకాణమే. 2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత చేపల అంగడిలోనూ, కొబ్బరిబోండాల బండి దగ్గరా డబ్బు ఫోను మీద చేతులు మారుతోంది. నాణేలు లెక్కించడం నేర్పే పాత పాఠంతో పాటు, ఫోనులో డబ్బు వచ్చిందో లేదో చూసుకోవడం, ఎవరికీ రహస్య సంఖ్య చెప్పకపోవడం, బొమ్మల ఆధారంగా పనుల వరుసను గుర్తుంచుకోవడం నేర్పాలి. హోటలు, నర్సరీ తోట, బేకరీ వంటి చోట్ల పనిచేయడానికి ఈ మాత్రం తెలిస్తే పెద్ద ఆసరా. సికింద్రాబాద్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఈ రంగంలో బోధన సామగ్రి తయారీకి పేరుపొందింది. అది తెలుగు ప్రాంతం నడిబొడ్డున ఉన్నందువల్ల దీవులలోని తెలుగు పిల్లలకు అవసరమైన సామగ్రిని అక్కడి నుంచి రప్పించుకోవడం కష్టం కాకూడదు.

భాష సంగతి ఇక్కడ విడిగా చెప్పుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదివే అంధ బాలిక ముందు ఆంగ్లంలో మాట్లాడే కంప్యూటరు పెట్టడమంటే ఆమె మీద రెండో బరువు మోపడమే. ఫోను తెలుగులో మాట్లాడగలదు. తెలుగుకు బ్రెయిలీ లిపి ఉంది. తొలి అడుగు మాతృభాషలో వేయించి, పట్టు చిక్కిన తరువాత ఆంగ్లం, హిందీ జతచేయాలి. బయటి ఉద్యోగానికి ఆంగ్లం కావాలన్నది నిజమే. మొదటి మెట్టు ఎక్కనివాడికి పై మెట్టు చూపించి లాభం లేదన్నది అంతకన్నా నిజం.

ఇదంతా చేయవలసిన ఉపాధ్యాయుడు ఎక్కడ? 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో తీర్పు చెబుతూ ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది, ఆ పైస్థాయిలో ప్రతి 15 మంది ప్రత్యేకావసరాల విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న నిష్పత్తిని ముందుంచింది. 2025 మార్చిలో అదే కేసులో, మంజూరైన పోస్టుల సంఖ్యను ప్రకటించి భర్తీ చేయాలని రాష్ట్రాలను, కేంద్రపాలిత ప్రాంతాలను ఆదేశించింది. తాత్కాలిక ఒప్పందాల మీద ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న విధానాన్ని కోర్టు తప్పుపట్టింది. ఈ నిష్పత్తి మైదాన ప్రాంతాలకు సరిపోతుంది. దీవులకు సరిపోదు. లాంగ్ ఐలాండ్ లాంటి చోట ఒకే పాఠశాలలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉంటే, నిష్పత్తి ప్రకారం అక్కడికి ఉపాధ్యాయుడు రాడు. చుట్టుపక్కల పాఠశాలలకు కలిపి ఒక సంచార ఉపాధ్యాయుడిని వేయవచ్చు. ఆంధ్రలోనైతే అతడు బస్సెక్కి పోతాడు. ఇక్కడ ఓడ ఎక్కాలి. వానాకాలంలో సముద్రం పొంగితే ఆ ఓడ కదలదు. కనుక దీవులకు లెక్క వేరుగా కట్టాలి. పిల్లల సంఖ్యను బట్టి కాక, దీవిని బట్టి పోస్టు మంజూరు చేయాలి. ప్రతి దీవిలోనూ కనీసం ఒక సాధారణ ఉపాధ్యాయుడికైనా స్క్రీన్ రీడర్, బ్రెయిలీ, సైగల భాషలలో మౌలిక శిక్షణ ఇచ్చి, నిపుణుడు కేబుల్ ద్వారా వారం వారం అతడికి తోడ్పడే ఏర్పాటు చేయాలి. చెన్నై సమీపంలోని ముట్టుకాడులో ఉన్న బహువైకల్య జాతీయ సంస్థ ఆధ్వర్యంలో శ్రీవిజయపురంలో ఒక ప్రాంతీయ కేంద్రం ఇప్పటికే పనిచేస్తోంది. నైపుణ్య శిక్షణ, పునరావాసం దాని బాధ్యతలు. దానిని దీవుల పాఠశాలలన్నింటికీ గురుకేంద్రంగా తీర్చిదిద్దడం ఉన్న వనరును వాడుకోవడమే తప్ప కొత్త భారం కాదు.

డబ్బు సంగతికి వస్తే, సమగ్ర శిక్షా పథకం 2018లో మొదలైనప్పుడు ప్రత్యేకావసరాల విద్యార్థి ఒక్కొక్కరికి ఏడాదికి 3,500 రూపాయలు నిర్ణయించారు. మైదానంలోనే అది చాలీచాలని మొత్తం. ప్రతి వస్తువూ ఓడలోనో విమానంలోనో రావలసిన దీవులలో అది ఏ మూలకు? 1,224 కోట్లు ఖర్చుపెట్టి వేసిన కేబుల్‌ను ఉపయోగించుకొనే శక్తి పిల్లలకు ఇవ్వడానికి మరికొంత ఖర్చు చేయడం దుబారా అనిపించుకోదు.

కొలువుల వైపు చూస్తే దీవుల పరిస్థితి విలక్షణమైనది. కలప పరిశ్రమ 2002 మే నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వుల తరువాత బాగా కుదించుకుపోయింది. ఇక మిగిలినవి పర్యాటకం, మత్స్యపరిశ్రమ, తోటలు, అన్నింటికీ మించి ప్రభుత్వం. పెద్ద ప్రైవేటు సంస్థలు లేవు. ప్రైవేటు యజమానులను ప్రోత్సహించి 5 శాతం మేరకు దివ్యాంగులను నియమింపజేయాలన్న 2016 చట్టంలోని నిబంధన ఇక్కడ అంతగా ఉపకరించదు. ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ మాత్రం బలమైన ఆధారం. 1995 చట్టంలో అది 3 శాతమే. ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత గలవారికి కొత్త చట్టం మొదటిసారి చోటిచ్చింది. 2021 జనవరిలో కేంద్రం 3,566 రకాల పోస్టులను దివ్యాంగులకు అనువైనవిగా గుర్తించింది.

కాని పోస్టు అనువైనదని గుర్తించడం ఒకటి, ఆ పోస్టులో పని చేసే సాఫ్ట్‌వేర్ అనువుగా ఉండడం మరొకటి. కార్యాలయాలలో ఫైళ్లు కంప్యూటరు మీదికి వచ్చాయి. ఆ తెరలోని బొత్తాలకు పేర్లు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ మూగబోతుంది. అంధ ఉద్యోగి చేతులు ముడుచుకొని కూర్చోవలసి వస్తుంది. తోటివారు అతనికి పని రాదంటారు. సుగమ్యతా ప్రమాణాలు సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా ఉండాలని రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. డిజిటల్ సేవలను అందుకొనడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో తీర్పునిచ్చింది. తెర ముందు కన్నార్పమని అడిగే బ్యాంకు గుర్తింపు విధానం, యాసిడ్ దాడిలో కళ్లు కోల్పోయిన వారిని ఎలా తిప్పిపంపుతోందో ఆ కేసు బయటపెట్టింది. దీవుల పాలనాయంత్రాంగం తాను కొనే ప్రతి సాఫ్ట్‌వేర్‌ను ఒక అంధ ఉద్యోగి చేత పరీక్షింపజేసిన తరువాతే బిల్లు చెల్లించే నియమం పెట్టుకుంటే, ఆ తీర్పులకు అర్థం వస్తుంది. ఆ పరీక్ష కూడా ఒక ఉద్యోగమే.

అంతేకాదు. కార్ నికోబార్‌లో ఉన్న చలన వైకల్యం గల పట్టభద్రుడు శ్రీవిజయపురం సచివాలయానికి వచ్చి బల్ల ముందు కూర్చుంటేనే ఉద్యోగి అవుతాడా? తన దీవిలోని పంచాయతీ గదిలోనో, పాఠశాలలోనో కూర్చొని అదే పని ఎందుకు చేయకూడదు? కోవిడ్ కాలంలో దేశంలోని కార్యాలయాలు ఎన్నో ఇళ్ల నుంచే నడిచాయి. అందరికీ తప్పనిసరై ఆనాడు అమలైన పద్ధతి, నిజంగా అవసరమైనవారికి నేడు అక్కరకు రావాలి. పాలనాయంత్రాంగమే తొలి యజమానిగా ముందుకు వస్తే, చెన్నై, హైదరాబాద్, బెంగళూరు సంస్థలు దీవుల వైపు చూస్తాయి. బెంగళూరులోని వింధ్య ఇ-ఇన్ఫోమీడియా వంటి సంస్థలు వికలాంగులే అధికసంఖ్యలో ఉద్యోగులుగా ఏళ్ల తరబడి వ్యాపారం నడుపుతున్నాయి. దయాదాక్షిణ్యాలతో అన్నేళ్లు ఏ కంపెనీ నడవదు.

గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం నిర్మించే భారీ పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. అడవులకు, షోంపెన్ తెగకు, తాబేళ్ల గుడ్లు పెట్టే తీరానికి దానివల్ల కలిగే నష్టంపై తీవ్రమైన అభ్యంతరాలు ఉన్నాయి. వాటి మంచిచెడ్డలు వేరే చర్చించవలసినవి. అయితే ఉద్యోగాల పేరు చెప్పి పథకాన్ని సమర్థించేవారు, ఆ ఉద్యోగాలలో దీవుల దివ్యాంగుల వాటా ఎంతో, దానికి వారిని ఏ బడిలో సిద్ధం చేస్తున్నారో కూడా చెప్పాలి కదా!

ఇంత కొద్దిమంది పిల్లలకు ఇంత ఏర్పాటు అవసరమా అని పెదవి విరిచేవారు ఉంటారు. దీవులలో ఎంత చిన్న పల్లెకైనా విద్యుత్తు కోసం డీజిలు ఓడల మీద తెచ్చి జనరేటర్లు నడిపారు. దూరమని, ఖరీదని మానుకోలేదు. ఒక దీవిలో ఒక్క అంధ బాలిక ఉన్నా ఆమెకు చదువు చెప్పే బాధ్యత తప్పదని చట్టం చెబుతోంది. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య ఆమె హక్కు. 2020లో కేబుల్ ప్రారంభమైన నాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2030 వేసవిలో పదో తరగతి పరీక్ష రాస్తారు. వారిలో చూపులేని పిల్లవాడు ఆ పరీక్షను తన వేళ్లతో కంప్యూటరు మీద రాయాలంటే, ప్రతి దీవికీ ప్రత్యేక ఉపాధ్యాయుడి పోస్టు మంజూరై, రానున్న విద్యాసంవత్సరం మొదటి నెలలోనే ఆ ఉపాధ్యాయుడు ఓడ దిగి బడిలో చేరాలి.